కాస్పర్ పాదాలకు అపాయింట్‌మెంట్

గురువారం పొద్దున కాస్పర్ వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. ఆవులకు మేత వెయ్యాలి, కాఫీతో రెండు రొట్టెముక్కలు తినాలి, కాలిగోళ్ళు కత్తిరించుకోవాలి, పల్చటి మేజోళ్ళు తొడుక్కుని రెండు గంటల బస్సెక్కాలి, మూడింటికల్లా లోయ చివర క్విరీన్ మేస్త్రి దుకాణంలో ఉండాలి. ఇందులో ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో చెప్పమంటే మా ఓబర్‌గ్రుబ్ ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయేవారు.

స్కీ బూట్లు అమ్మేవాళ్ళు మా టిరోల్ లోయల్లో వీధికి నలుగురున్నారు. బూటును కాలికి కుదిర్చేవాడు మాత్రం క్విరీన్ మేస్త్రి ఒక్కడే. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. మాట తక్కువ. పాదాన్ని అరచేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుంటే చాలు, ఆ పాదం పుట్టినప్పటినుంచి ఎక్కడెక్కడ తిరిగిందో, ఏం దాచుకుందో ఆయనకు తెలిసిపోతుందని అంటారు. పతకాలు మెళ్ళో వేసుకు తిరిగేవాళ్ళు కూడా ఆయన ముక్కాలిపీట మీద బడిపిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆయన నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగ నాడు దుకాణం మూసేస్తున్నాడు. ఎనిమిది నెలల క్రితం అడిగితే కాస్పర్‌కు దొరికింది ఆఖరి రోజు, అంటే ఈ గురువారం, ఆఖరి రెండు గంటలు.

కాస్పర్‌కు అంత తొందర ఎందుకంటే, జనవరిలో జరిగే పెద్దవాళ్ళ స్కీ పోటీలో ఈసారి మొట్టమొదట కొండ దిగే గౌరవం అతని ఇంటికి వచ్చింది. పోటీకి ముందు దారి సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒకరు దిగుతారు. ఊరంతా కింద నిలబడి చూస్తుంది. ముప్పై ఆరేళ్ళుగా రోప్‌వే నడిపి ఊరినంతా కొండెక్కించిన మనిషికి ఆ గౌరవం దక్కడం న్యాయమే. కానీ కాస్పర్ గుండెల్లో ఒక రహస్యం ఉంది. స్కీ బూటు తొడిగితే అతని కాలివేళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. కొండ దిగేటప్పుడు కళ్ళవెంట కారే నీళ్ళు గాలివల్లనని నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాడు.

మేస్త్రి పంపిన కార్డు వంటింట్లో శిలువ పక్కన గుచ్చి ఉంది. దానిమీద మూడే మాటలు: "గోళ్ళు పొట్టిగా. మేజోళ్ళు పల్చగా. పాత బూట్లు వెంట." కాస్పర్ దాన్ని మరోసారి భక్తిగా చదివి, కొట్టం గుమ్మంలో స్టూలేసుకుని, కత్తెర పట్టుకుని వంగాడు. పొట్ట అడ్డొచ్చింది. పక్కకి తిరిగి వంగాడు. అది కూడా పక్కకి వచ్చింది.

"బుర్గీ! నా కాలు నాకు అందట్లేదే!"

"ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్నా, నీకు ఆ పొట్ట దాటి ఏదీ అందదు, కనబడదు," అంది భార్య బుర్గీ లోపలినుంచి. "కాస్త ఆగు. ఇక్కడ ఆవుని పట్టుకుని నిలబడ్డాను."

ఆ రోజే ఆవుల గిట్టలు కత్తిరించడానికి వెండెలిన్ వచ్చాడు. ఏటా కొండమీది మేత ముగించుకుని ఆవులు దిగొచ్చాక వస్తాడు. అతను తల బయటికి పెట్టి, "పన్నెండు కాళ్ళయ్యాయి. ఇంకో రెండు నాకో లెక్కా? ఇటు చాపు," అన్నాడు.

కాస్పర్ అతని చేతిలోని పట్టకారు చూసి కాళ్ళు స్టూలు కిందికి లాక్కున్నాడు.

"తన్నే అలవాటుందా?" అని వెండెలిన్ బుర్గీని అడిగాడు.

"లేదు. అరుస్తాడంతే."

వెండెలిన్ చెయ్యి నిజంగా తేలిక. పది గోళ్ళూ చందమామల్లా తీర్చాడు. కాస్పర్ ఆశ్చర్యంతో నోరు తెరిచి చూస్తున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ నలభై ఏళ్ళ అలవాటు. కత్తిరించడం అవగానే వెండెలిన్ కుడిచెయ్యి తనంతట తానే నడుముకు వేలాడే డబ్బా అందుకుంది. గిట్టలకు పుండ్లు పట్టకుండా కొట్టే నీలం మందు అది. బుస్సుమని రెండు పాదాలకూ, చీలమండల దాకా కొట్టేసింది.

బుర్గీ వేలితో గీకి చూసింది. వేలు కూడా నీలమైంది.

"ఇదెన్నాళ్ళుంటుంది?" అన్నాడు కాస్పర్ సన్నగా.

"ఆవులకైతే రెండు వారాలు. ఇంతవరకూ ఏ ఆవూ అభ్యంతరం చెప్పలేదు."

సబ్బుతో తోమితే నీలం మరింత నిగనిగలాడింది. ఇక బుర్గీ బీరువాలోంచి పైన్‌కాయల సారా బయటికి తీసింది. కాస్పర్ ఏడేళ్ళుగా తన అరవయ్యో పుట్టినరోజు కోసం దాచుకున్న సీసా అది. "అది వద్దే! అది తాగేది!" అని అతను మొత్తుకుంటుంటే, ఆవులను తోమే బ్రష్షుతో, సగం సీసాతో అరగంట రుద్దింది. నీలం కాస్తా వంకాయ రంగులోకి దిగింది. పాదాలు మాత్రం పులిసిన పిండిలా పొంగాయి. అప్పటికి పదకొండు దాటింది.

వాపుకు మా ఊళ్ళో ఒకటే మందు, వడగట్టిన పెరుగు కట్టు. బుర్గీ పొరుగింటి రోస్వితకు ఫోను చేసింది.

"రోస్వితా, నీ దగ్గర పెరుగు గడ్డ ఎంతుంటే అంత పట్రా తల్లీ. కాస్పర్ కాళ్ళు నీలంగా అయిపోయి వాచిపోయాయి. పొద్దున్నే వెండెలిన్ కత్తిరించాడులే. మూడింటికల్లా తీసుకెళ్ళాలి."

అందులో ఒక్క అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. రోస్విత పెరుగు గిన్నె గుమ్మంలో పెట్టి, లోపలికి తొంగి చూసే ధైర్యం లేక, కళ్ళొత్తుకుంటూ పాలకేంద్రానికి పరిగెత్తింది. అక్కడినుంచి ఆ మాట పోస్టాఫీసుకూ, పోస్టాఫీసు నుంచి రోప్‌వేకూ వెళ్ళింది. రోప్‌వేలో కొండెక్కి దిగేసరికి దాని ఆకారం మారిపోయింది. కాస్పర్ కాళ్ళు కుళ్ళిపోయాయి. డాక్టరు వచ్చేదాకా ఆగలేక, వెండెలిన్ ఆవుల పట్టకారుతోనే రెండూ తీసేశాడు. మూడింటికి ఆసుపత్రికి తీసుకెళుతున్నారు, అప్పటిదాకా ఉంటే.

పన్నెండున్నరకు పాదిరీ గారు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు రాసే పవిత్రమైన నూనె సీసాతో వచ్చారు. వంటింటి బెంచీ మీద కాస్పర్ మోకాళ్ళ దాకా తెల్లటి గుడ్డలు చుట్టుకుని పడుకుని ఉన్నాడు. గుడ్డల్లోంచి వంకాయ రంగు నీరు కారుతోంది. గదంతా సారా కంపు.

"నొప్పిగా ఉందా నాయనా?"

"లేదు ఫాదర్. చల్లగా ఉంది."

పాదిరీ గారు కళ్ళు మూసుకున్నారు. "అప్పుడే చల్లబడుతోందన్నమాట," అని గొణుక్కుని నూనె సీసా మూత తిప్పారు.

ఆయన వెనకే స్కీ క్లబ్బు అధ్యక్షుడు హార్ట్‌విగ్ టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ మొదలుపెట్టాడు.

"తీసేశారట కదా, కాస్పర్."

"ఆఁ, పొద్దున్నే. మరీ పెరిగిపోయాయి, ఇంక తప్పలేదు," అన్నాడు కాస్పర్. గోళ్ళ విషయం హార్ట్‌విగ్ దాకా ఎలా వెళ్ళిందా అని లోలోపల ఆశ్చర్యపోయాడు.

"మత్తు ఏమైనా..."

"గోరంత దానికి మత్తేంటయ్యా! వెండెలిన్ చెయ్యి దూదిలా ఉంటుంది. నువ్వూ చూపించుకో. తీసినవాటిని బుర్గీ కొట్టంలోనే ఊడ్చేసింది."

హార్ట్‌విగ్ టోపీని గుండెకు హత్తుకున్నాడు. ఏడుపు గొంతుతో, "నీలాంటి గుండెనిబ్బరం నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు. "క్లబ్బంతా కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ గౌరవం మీ ఇల్లు దాటి పోకూడదు. అందుకని నీ పేరు కొట్టేసి బుర్గీ పేరు రాశాం. ఉత్తినే, మర్యాదకి. కాగితం జిల్లా సంఘానికి పంపించేశాం కూడా. దిగడానికి ఇంకెవరినైనా చూద్దాంలే."

"నా పేరా?" అంది బుర్గీ గరిటె పట్టుకుని. "నేను స్కీ ఎక్కి ముప్పై అయిదేళ్ళయింది!"

"నా పేరు కొట్టేశారా?" అని కాస్పర్ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. గుడ్డలు జారాయి, పెరుగు నేలమీద పడింది, రెండు వంకాయరంగు పాదాలు పదివేళ్ళతో సహా బయటపడ్డాయి. పాదిరీ గారి చేతిలోని సీసాలోంచి నూనె ఒలికిపోయింది. "లేచాడు!" అని ఆయన కేక పెట్టారు. ముప్పై ఏళ్ళుగా అద్భుతాల గురించి ప్రసంగాలు చేసిన మనిషి, ఎదురుగా ఒకటి కనబడేసరికి గుమ్మందాకా వెనక్కి నడిచారు.

అసలు సంగతి చెప్పి ఒప్పించేసరికి గంటన్నర పట్టింది. పేరు మార్చమంటే హార్ట్‌విగ్ తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి మార్చిన పేరు మళ్ళీ మార్చరయ్యా. ఏం కారణమని రాయను? కాళ్ళు తిరిగి మొలిచాయనా?" అన్నాడు.

బస్సు కూడా వెళ్ళిపోయింది. కాస్పర్ బెంచీ మీద కూలబడి, "ఇంక బూట్లెందుకే నాకు," అన్నాడు.

"లే," అంది బుర్గీ. "ఆ మేస్త్రి ముందు ఇవాళ కూర్చోకపోతే, చచ్చేదాకా దాని గురించి గొణుగుతావు. వినాల్సింది నేను. లే అంటున్నా."

వెండెలిన్ తన వ్యాను తీశాడు. చెప్పులు పట్టక, కాస్పర్ కాళ్ళకు రొట్టెల సంచులు కట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా జనం టోపీలు తీసి నిలబడ్డారు.

సరిగ్గా మూడింటికి వాళ్ళు క్విరీన్ మేస్త్రి గుమ్మంలో అడుగుపెట్టారు. లోపల అడుగు వెయ్యగానే ముగ్గురి గొంతులూ వాటంతటవే తగ్గిపోయాయి. ఇరుకు గది. గోడల నిండా పాదాల చెక్క అచ్చులు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. వేడెక్కిన ప్లాస్టిక్కు, తోలు కలిసిన వాసన. కిటికీ కింద ముక్కాలిపీట ఒకటి ఉంది. దాని అంచులు వేల మనుషులు కూర్చుని కూర్చుని నునుపెక్కాయి.

మేస్త్రి సంచులు విప్పాడు. వంకాయ రంగు చూశాడు, పెరుగు చూశాడు, సారా వాసన చూశాడు. తడిగుడ్డతో నెమ్మదిగా తుడిచి, ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పదకొండేళ్ళప్పుడో, పన్నెండేళ్ళప్పుడో," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఎత్తునుంచి దూకావు. ఇక్కడ ఎముక విరిగింది. ఎవరికీ చెప్పలేదు."

గడ్డివాము మీదినుంచి దూకింది పదకొండో ఏట. నాన్న కొడతాడని నెలరోజులు కుంటుతూ దాచాడు. ఆ సంగతి తల్లికి చెప్పలేదు, బుర్గీకి చెప్పలేదు, పాపనివేదనలో పాదిరీ గారికి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఎవరో తన పదకొండేళ్ళ కాలిని చేత్తో పట్టుకుని ఓదారుస్తున్నట్టు అనిపించింది. ఈసారి గాలి లేకుండానే కళ్ళవెంట నీళ్ళు కారాయి.

మేస్త్రి పాత బూటు లోపలి మెత్తను లాగేసి, ఒట్టి గుల్లలో కాస్పర్ పాదం పెట్టించి, వేళ్ళు ముందుకు ఆనించమన్నాడు. మడమ వెనక ఖాళీలో తన పిడికిలి పెట్టాడు. పిడికిలి మొత్తం దూరింది.

"నొప్పి పుట్టినప్పుడల్లా ఇంకాస్త పెద్ద బూటు కొన్నావు కదూ?"

"ఔను మేస్త్రీ గారూ."

"బూటు పెద్దదైతే కాలు జారుతుంది. జారి వేళ్ళు వెళ్ళి గోడకు గుద్దుకుంటాయి. నలభై ఏళ్ళుగా గుద్దుకుంటూనే ఉన్నాయి." ఆయన అరలోంచి రెండు సైజులు చిన్న బూటు తీశాడు. విరిగిన ఎముక దగ్గర వేడి చేసి, బాదంకాయంత చోటు బయటికి నొక్కాడు. తొడిగాడు. కాస్పర్ లేచి నిలబడి, మోకాళ్ళు వంచి, వేళ్ళు కదిపి చూసుకున్నాడు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది.

దానికంతా పట్టింది ఇరవై నిమిషాలు. మేస్త్రి గడియారం చూసుకున్నాడు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ బుర్గీ నడకను, ఆమె బరువు మోపే తీరును కాసేపు చూశాడు.

"అమ్మా, మీరిలా కూర్చోండి."

"నేనా? నేను ఈయన్ని మొయ్యడానికి వచ్చానండి. నా కాళ్ళకి స్కీ పడదు. ఇరవై రెండేళ్ళప్పుడే మానేశాను. బూటు తొడిగితే పాదం మొద్దుబారిపోయేది."

"కూర్చోండి."

ఆమె ఉన్ని మేజోళ్ళు తీసింది. మేస్త్రి ఆ పాదాలను చేతుల్లోకి తీసుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అద్దాలు పైకి నెట్టుకుని దీపం దగ్గరికి లాక్కున్నాడు. ఎత్తైన వంపు, సన్నటి మడమ, కొయ్యలా నిటారైన చీలమండ.

"ఎవరి బూట్లేసుకునేవారు?"

"మా అన్నయ్యవి."

"తప్పు మీ కాళ్ళది కాదమ్మా," అన్నాడు మేస్త్రి. "యాభై ఏళ్ళలో ఇలాంటి పాదాలు ఇదివరకు రెండుసార్లే నా చేతికొచ్చాయి. ఆ అచ్చులు అవిగో, ఆ పై వరసలో, పతకాలవాళ్ళవాటిలో ఉన్నాయి."

కాస్పర్ మెల్లగా వచ్చి నేలమీద కూర్చుని భార్య పాదాలను చూశాడు. కొట్టంలో, కొండమీద, వంటింట్లో ముప్పై నాలుగేళ్ళు తన ఇంట్లోనే తిరిగిన పాదాలు. ఒక్కసారైనా చూసినట్టు గుర్తులేదు. బుర్గీ సిగ్గుపడి వేళ్ళు ముడుచుకుంది. "అలా చూడకయ్యా, కడుక్కోలేదు," అంది. మేస్త్రి మిగిలిన గంటా నలభై నిమిషాలూ ఆ పాదాలమీదే పనిచేసి, తన జీవితంలో ఆఖరి బూటు జతను ముగించాడు.

జనవరిలో పోటీ రోజున పైన ఆకాశం గాజులా ఉంది. బుర్గీ రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా, కాస్పర్ తెల్లవారుజామున నడిపిన ఖాళీ రోప్‌వేలో వెళ్ళి సాధన చేసింది. దిగే గీత దగ్గర కాస్పర్ వంగి, పొట్టను ఓ పక్కకు నెట్టి, ఆమె బూటు కొక్కేలు తనే బిగించాడు.

"భయమేస్తోందా?"

"నీకేస్తోందా?"

"ఆఁ."

"అయితే ఆ భయమేదో నువ్వు పడు, నేను దిగుతా," అని ఆమె వాలు మీదికి జారింది. మొదటి రెండు మలుపులు జాగ్రత్తగా తిరిగింది. మూడోదాని దగ్గర ఆమె ఒళ్ళు ఏదో జ్ఞాపకం తెచ్చుకుంది. మంచు పలచగా లేచింది. కింద నిలబడ్డ ఊరు చప్పట్లు కొట్టడం మరిచిపోయింది. కొత్త బూట్లతో తనూ పోటీకి పేరిచ్చిన కాస్పర్, పైనుంచి ఆమెనే చూస్తూ, తన వంతు వచ్చి రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

ముందు దిగేవాళ్ళు పోటీలో ఉన్నట్టు కాదు. గడియారం పనిచేస్తోందో లేదో చూడడానికి మాత్రమే వాళ్ళ సమయం తీసుకుంటారు. పోటీ గెలిచిన హార్ట్‌విగ్ కన్నా బుర్గీ నాలుగు సెకన్లు ముందు దిగినట్టు ఆ గడియారం చూపించింది.

దాన్ని ఆ సాయంత్రమే మరమ్మతుకు పంపించారు.