సరే మీట నొక్కిన అడవి

ఒక పెద్ద అడవిలో, పేరు చెబితే అక్కడివాళ్లు నా మీదికి తగువుకొస్తారు గనక చెప్పను, అందరూ మహా మర్యాదస్తులు. ఎవరేమడిగినా "సరే" అనడం అక్కడి ఆచారం. "వద్దు" అన్నవాణ్ని పెంపకం లేనివాడి కింద జమకట్టేవారు. పాలకమండలిలో తీర్మానాలు కూడా అలాగే నెగ్గేవి. అధ్యక్షుడైన ఏనుగు కాగితం ఎత్తి, "చదివినట్టే అనుకుందామా?" అనేవాడు. "సరే" అనేవారు సభ్యులు. ఇక ఇంటికెళ్లి పడుకునేవారు.

పూర్వం పులి కదిలితే కొండముచ్చు చెట్టు చివర నుంచి కేకేసేవాడు. అలా అరవడం నాగరికత కాదని మండలికి ఎవరో చెప్పారు. సరే అన్నారు. ఇంటింటికీ కంప్యూటర్ పెట్టించారు. కొండముచ్చు చెట్టు మీదే కూర్చుని పులి ఎక్కడుందో అందులో రాస్తాడు. ఎవరింట్లో వాళ్లు తెర చూసుకుని నీళ్లకి వెళ్లాలి. ఇంతవరకూ బాగానే ఉంది, నేనేమీ అనను.

ఆ అడవిలో గోరింట అనే దుప్పి ఉండేది. మొగుణ్ని అంతకుముందు వేసవిలో పులే తినేసింది. ఇక మిగిలింది ఒక్కగానొక్క కూన, బుడమ. సాయంత్రం తెర చూడందే గోరింట ఆ పిల్లని గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఒకరోజు తెర మీద ఒక పెట్టె లేచింది. "వాన ఎప్పుడొస్తుందో ఉచితంగా చెబుతాం. పెట్టుకుంటారా?" గోరింట మర్యాదస్తురాలు, సరే నొక్కింది. దాని వెనకాల ఇంకేమేం లోపలికొచ్చాయో చూడలేదు. చూసే అలవాటు ఆ అడవిలో ఎవరికీ లేదు.

మర్నాటి నుంచి ఇంట్లో సంత మొదలైంది. పులి కబురు చూద్దామని తెర తీస్తే కొమ్ములకి మెరుగు నూనె. అది మూస్తే గిట్టలకి రంగు. అదీ మూస్తే "అభినందనలు, మీరు గెలిచారు." ఏం గెలిచిందో ఎవడూ చెప్పడు. మూసే గుర్తు ఆవగింజంత ఉండేది, దాన్ని గిట్టతో నొక్కబోతే పక్కది తెరుచుకునేది. ఇన్నింటి అడుగున ఎక్కడో కొండముచ్చు రాసిన ఒక్క ముక్క. అది కనబడేసరికి చీకటి పడేది.

"ఇవాళ కూడా నీళ్లు లేవా అమ్మా?" అనేది బుడమ, నాలుక బయటపెట్టుకుని.

"ఉండవే, ఈ గిట్టల రంగు పోనీ" అనేది గోరింట.

పిల్ల గొంతు ఎండిపోతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? మండలికి వెళ్లి మొత్తుకుంది. "అయ్యా, పులి ఎక్కడుందో తెలిస్తే చాలు నాకు. ఈ రంగులతో నూనెలతో నాకేం పని?"

ఏనుగు చెవులు ఊపాడు. "అందరిళ్లలోనూ అదే గోల తల్లీ. అందుకే నిపుణుణ్ని పిలిపించాం. పరంధామయ్యగారూ, ఇలా రండి."

వచ్చింది నక్క. మెడలో ఏదో పతకం వేలాడుతోంది. ఎవరిచ్చారని ఒక్కడూ అడగలేదు. అడిగితే మర్యాదగా ఉండదు కదా.

"నా దగ్గర శుభ్రం చేసే ప్రోగ్రాం ఉందండీ, పేరు నిర్మలం" అన్నాడు నక్క. "పూర్తిగా ఉచితం. ఇంటింటికీ పెట్టమంటారా?"

"సరే" అంది అడవి మొత్తం. అడవిపంది అయితే రెండుసార్లు అంది.

నిర్మలం వచ్చాక గిట్టల రంగు పోయింది. దాని చోట నక్క మొహం వచ్చింది. "మీ కంప్యూటర్‌కి జబ్బు చేసింది, నిర్మలం వాడండి" అనేది ఆ మొహం. వాడుతున్నవాళ్లకే ఆ మాట చెప్పడం. సిగ్గుండాలి. కొన్నాళ్లకి రంగులూ నూనెలూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, ఈసారి నక్కగారి అనుమతితో. ఆ సరుకు అమ్మేవాళ్లు ఆయన ఇంటికి మూడు పూటలా భోజనం పంపేవారు.

అది విని పులి కూడా కబురు పెట్టింది. "నాదీ ఒక ప్రకటన వేయించు. పట్టుకున్నదాంట్లో ఎముకలు నీవి."

నక్కకి నోరూరింది. "ఏం వేయమంటారు దొరా?"

"మామిడికుంట దగ్గర పులి లేదు, నిశ్చింతగా రండి. ఇంతే. ఎండలు ముదిరాక వెయ్యి."

"సరే" అన్నాడు నక్క. ఎవరి ప్రకటన ఎప్పుడు లేపాలో చూడడానికి ఆయన దగ్గర గిజిగాళ్లు పనిచేసేవి. వాటికి చెప్పేసి మర్చిపోయాడు. తను అమ్మే సరుకు తను చదివేంత తీరిక ఆయనకెక్కడిది?

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం అన్ని ఇళ్లలోనూ తెర నిండా ఆ పెట్టె లేచింది. బుడమ గంతులేసింది. "పులి లేదటమ్మా, పోదాం పద."

గోరింట గిట్ట సరే మీదికి పోయి ఆగింది. "కొండముచ్చు పులి ఎక్కడుందో రాస్తాడు. ఎక్కడ లేదో ఎప్పుడూ రాయలేదే" అనుకుంది. ఈ జాతర ఎప్పటి నుంచి మొదలైందో గుర్తు తెచ్చుకుంది. వాన కబురు చెప్పేదాన్ని ఇంట్లోకి రానిచ్చిన దగ్గర్నుంచి. దాన్ని వెతికి పట్టుకుని తీసేయబోయింది.

"మమ్మల్ని నిజంగా పొమ్మంటారా? మేమేం తప్పు చేశాం?" అని అడిగింది పెట్టె. కింద "ఉండండి" అని ఆకుపచ్చగా ఇంత లావున ఒక మీట. ఓ మూల బూడిదరంగులో, కనపడీ కనపడనట్టు, "వద్దు".

గోరింట పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. బుడమ ఎండిన మూతి వైపు చూసింది. వద్దు నొక్కింది.

పోయింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. వచ్చేసింది. ఎలా వచ్చిందా అని చూస్తే, దాన్ని మళ్లీ తెచ్చి కూర్చోబెడుతున్నది నిర్మలం.

"ఓసి దీని దుంపతెగ, చీపురే చెత్త మోసుకొస్తోంది" అంది గోరింట. ముందు నిర్మలాన్ని తీసేసింది. అది కాళ్లావేళ్లా పడింది. ఈసారి వద్దు అనడం అంత కష్టమనిపించలేదు. ఆ తర్వాత వాన కబురుదాన్ని తోసేసింది. ఆపి మళ్లీ పెడితే తెర ఖాళీగా ఉంది. మధ్యలో కొండముచ్చు రాసిన ముక్క.

"పులి మామిడికుంట గట్టు మీద పొదలో ఉంది. ఇందాకటి నుంచి రాస్తున్నాను, ఒక్కళ్లూ చూడరేం?"

గోరింట బుడమని వెంటబెట్టుకుని కొండ మీది ఊట వైపు బయల్దేరింది. దారిలో నక్క ఎదురొచ్చాడు, కుంటకి పోతూ.

"అటు వెళ్లకండి పరంధామయ్యగారూ. అక్కడ పులి ఉంది."

నక్క నవ్వాడు. "లేదని మా ఇంటి తెర మీద ఇప్పుడే చూసొచ్చానమ్మా. పక్కన నా బొమ్మ కూడా ఉంది. నా నిర్మలం అబద్ధమాడుతుందా?"

కుంటలో మూతి పెట్టాడో లేదో పొద కదిలింది.

"దొరా, నేను మీవాణ్ని" అన్నాడు నక్క. "మనకి ఒప్పందం ఉంది. ఎముకలు నావన్నారు."

"నీ ఎముకలు నీవి కావని ఎవరన్నారు?" అంది పులి.

మర్నాడు మండలి సంతాపసభ పెట్టింది. ఏనుగు కళ్లు తుడుచుకున్నాడు. పతకం ఇప్పుడు దుమ్ములగొండి మెడలో ఉంది. "దివంగతుల పేరు మీద నిర్మలం కొత్త రకం తయారుచేశానండీ. ఉచితం. పెట్టమంటారా?"

"సరే" అన్నారు అందరూ.

"మా ఇంట్లో వద్దు" అంది గోరింట.

సభ నిర్ఘాంతపోయింది. చచ్చినవాడి కోసం కూడా అంత బాధపడలేదు వాళ్లు. ఏనుగు గొంతు సవరించుకుని, ఇలాంటి మాటలు పిల్లల చెవిన పడకుండా కంప్యూటర్లలో వద్దు అనే మీటే తీసేద్దామని ప్రతిపాదించాడు. చదివినట్టే అనుకున్నారు. సరే అన్నారు.

గోరింట కూనని తీసుకుని కొండముచ్చు చెట్టు కిందికెళ్లింది. "బాబూ, రాసింది చాలు. మాకోసం మళ్లీ కేకెయ్యి" అంది. అనాగరికులైన ఆ తల్లీబిడ్డలిద్దరూ ఇప్పటికీ బతికే ఉన్నారు.

నీతి: మర్యాదస్తుల్ని వేటాడడానికి పులికి గోళ్లు అక్కర్లేదు, ఒక సరే మీట ఉంటే చాలు.