దడ గల మారాజు

గుండె దడ లేని మగవాడి బతుకు కూడా ఒక బతుకేనా? ఆలోచించండి! షుగరు వస్తే తీపి పోతుంది, బీపీ వస్తే ఉప్పు పోతుంది. గుండె దడ ఒక్కటే, వచ్చేటప్పుడు మర్యాదను వెంటబెట్టుకుని మరీ వస్తుంది. నమ్మకం కుదరకపోతే సూరత్‌లోని లింబాయత్ పేటలో ఉండే సోమలింగం సంగతి వినండి.

సోమలింగానికి యాభై రెండేళ్లు. ఇరవయ్యో ఏట సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. మగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఒకే షెడ్డులో నలభై సాంచాలు! ఆ మోతలో పక్కనున్న మనిషి మాటే వినపడదు, లోపలున్న గుండె గోడు ఎవరికి వినపడుతుంది? ముప్పై రెండేళ్లు అది తన పాటికి తాను కొట్టుకుంది, ఆయన తన పాటికి తాను పని చేసుకున్నాడు.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగాయి. రెండో వారంలో ఒక మధ్యాహ్నం సోమలింగం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గల్లీలో ఆటో లేదు. కరెంటు పోయి ఫ్యాను చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో ఛాతీలో ఏదో దడదడలాడింది. ఒక క్షణం ఆగింది. ఆ వెంటనే రెండు దెబ్బలు ఒకేసారి పడ్డట్టయింది.

“నర్సవ్వా, ఇగ నేను పోతున్ననే!” అని కేకేశాడు.

“ఎవ్వల్ని బయటికి పోనిస్తలేరు గదయ్యా, నువ్వు యాడికి పోతవ్?” అంది భార్య వంటింట్లోంచి.

బయటికొచ్చి చూస్తే మొగుడు చెమటలు కక్కుతున్నాడు. పక్కన కూర్చుని గంటసేపు ఛాతీ రుద్దింది. పెళ్లయిన పాతికేళ్లలో నర్సవ్వ ఆయన దగ్గర అంతసేపు కూర్చోవడం అదే మొదలు. చూశారా, దడ మహిమ!

వాళ్లకు ఒక్కతే కూతురు, హిమశ్రీ. బీకాం రెండో ఏడు. తండ్రి చెప్పినవన్నీ ఫోన్లో టైపు చేస్తే ఫోను పదకొండు జబ్బులు చూపించింది.

“పప్పా, ఇన్‌మే సే ఏదో ఒకటి అయ్యుంటది. టెన్షన్ మత్ లో, పరేషాన్ గాకు” అంది.

ఒక్కటే ఎందుకని ఆయన పదకొండూ ఉంచుకున్నాడు.

ఆ తర్వాత ఇంటికి ఆక్సీమీటర్ వచ్చింది. ఉంగరం వేలికి అంతకన్నా గొప్ప అలంకారం ఉంటుందా? టీ తాగే ముందు ఒకసారి, తాగాక ఒకసారి, టీవీలో ఆ పూట కేసులెన్నో చెబుతుంటే ఒకసారి. హిమశ్రీ చుట్టాలందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టింది. పొద్దున పల్స్ ఎనభై ఎనిమిది అని పెడితే దండాలు వచ్చేవి, నూట రెండు అని పెడితే ఫోన్లు వచ్చేవి. ఏ పెళ్లికీ పలకరించని మేనమామ కూడా “పల్స్ ఎంతున్నదిరా?” అని అడగసాగాడు. సాంచా పక్క నిలబడి ముప్పై రెండేళ్లు బట్ట నేసిన మనిషిని అంతకుముందు ఎవరైనా అంత అడిగారా?

కార్ఖానా దోస్తు కనకయ్య ఫోన్ చేసి, “అన్నా, కర్పూరం, వాము మూటగట్టి వాసన చూడు. గుండె మంచిగైతది” అన్నాడు. సోమలింగం మూట కట్టి మెడలో వేసుకున్నాడు. ఇరవై ఏళ్లు నర్సవ్వ మొత్తుకున్నా వదలని గుట్కా ఒక్క పూటలో వదిలేశాడు. ఏ సంఘసంస్కర్త సాధించగలడండీ ఇంతటి ఘనకార్యం!

ఇంట్లో క్రమశిక్షణ పెరిగింది. కుక్కర్ విజిల్‌కు గుండె ఉలిక్కిపడుతోందంటే నర్సవ్వ కుక్కర్‌ను అటకెక్కించి గిన్నెలో వండసాగింది. సాంచాలు మళ్లీ నడిచాక ఆయన పనికి పోయేవాడు. ఆమె ఇంట్లో చీరల మూటలు ముందేసుకుని, ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఆయన రాగానే కత్తెర పక్కన పడేసి ఛాతీ రుద్దేది. రుద్దుతూ రుద్దుతూ కూర్చున్నచోటే కునుకు తీసేది.

“నా పానం పోతుంటే నీకు నిద్రెట్లొస్తదే?” అని లేపేవాడు. న్యాయమైన ప్రశ్నే కదా!

నవ్వడం తేలికే. కానీ కరోనా రెండో వేవ్‌లో పక్క గల్లీలో వారంలో ముగ్గురు పోయారు. అంబులెన్స్ కూత వినపడితే ఉక్కులాంటి వాళ్లే తలుపులకు గడియ పెట్టుకునేవాళ్లు. సోమలింగం భయం నటన కాదు. ఆయన నిజంగానే చచ్చిపోతాననుకున్నాడు, దినానికి మూడుసార్లు.

ఆ ఏడు వానాకాలంలో పక్క పేట నవాగామ్‌లో ఇందుజ అనే తెలుగు డాక్టర్ క్లినిక్ పెట్టింది. గుంటూరు అమ్మాయి. సోమలింగానికి పండగే! అంతకుముందు చూపించుకున్న డాక్టర్ల దగ్గర ‘ఘబ్‌రాహట్’ అన్న ఒక్క హిందీ మాటతో సర్దుకోవలసి వచ్చేది. ఇప్పుడు దడ, గుబులు, గాబరా, బెదురు, అన్నీ వరసపెట్టి చెప్పుకోవచ్చు! రెండు నెలల్లో ఐదుసార్లు వెళ్లాడు. ప్రతిసారీ హిమశ్రీ తోడు. ఆరోసారి ఆమెకు పరీక్ష ఉండి నర్సవ్వ వెళ్లింది.

క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. సోమలింగం గబగబా ఎక్కి వెళ్లి పది నిమిషాలు తన గుండె గురించి చెప్పాడు. ఇందుజ ఓపిగ్గా విని, ఈసీజీ కాగితం ముందుకు జరిపింది.

“ఇది బాగుందండీ. పోయిన నెల తీసిందీ బాగుంది. మీది భయం. అదీ బాధే, దానికీ మందుంది, మాట్లాడుకుందాం. ఇంతకీ మీ ఆవిడ వస్తున్నారన్నారు, ఏరీ?”

“వస్తది మేడం. ఆమెకేం లేదు, జర ఆగి ఆగి ఎక్కుతది.”

ఇందుజ లేచి బయటికి వెళ్లి చూసింది. నర్సవ్వ మెట్ల మధ్యలో, రెయిలింగ్ పట్టుకుని కూర్చుని ఉంది. నోటితో గాలి పీలుస్తోంది. డాక్టరే కిందికి దిగి చేయి పట్టుకుంది. కింది కనురెప్ప లాగి చూసింది. ఎరుపు అన్నదే లేదు. నాడి నూట ఇరవై రెండు కొట్టుకుంటోంది.

“ఈ ఆయాసం ఎన్నాళ్ల నుంచమ్మా?”

నర్సవ్వ, డాక్టర్ వెనకే వచ్చి నిలబడ్డ మొగుడి వైపు చూసింది. పోయిన మంగళవారం మధ్యాహ్నం తన పల్స్ ఎంతో ఠక్కున చెప్పగలిగే సోమలింగానికి ఈ ప్రశ్నకు జవాబు తెలియలేదు.

“యాదికి లేదు మేడం” అంది నర్సవ్వే. “నెలనెలా శాన పోతది. అందరికీ గిట్లనే ఉంటదనుకున్న.”

“గుండె దడగా ఉంటుందా?”

“ఉంటది. బిందె లేపితే ఉంటది, ఆయన ఛాతి రుద్దుతుంటే ఉంటది.”

“మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా?”

“ఆయనకున్నది గద మేడం. ఇంట్ల ఇద్దరికుంటే ఎట్ల?”

రక్తపరీక్ష చేయిస్తే, పన్నెండైనా ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఆరు వచ్చింది. పెద్దాసుపత్రిలో మూడు రోజులు ఉంచారు, రక్తం ఎక్కించారు, నెత్తురు పోకుండా మందులు మొదలుపెట్టారు. ఆ మూడు రోజులూ సోమలింగం వార్డు బయట బెంచీ మీదే ఉన్నాడు. ఆయనకు దడ వచ్చింది. మునుపెన్నడూ రానంత దడ. ఎవరికీ చెప్పలేదు. రోజూ వినే మనిషి లోపల మంచం మీద ఉంది.

కాబట్టి అయ్యలారా, గుండె దడ భాగ్యమే. అందులో సందేహం లేదు! కాకపోతే ఒక చిన్న షరతు. పక్కనున్నవాళ్లు తమ దడను మింగి కూర్చుంటేనే ఆ భాగ్యం మనకు దక్కుతుంది. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారో ఎప్పుడైనా లెక్కచూశారా?

మూడు నెలల తర్వాత నర్సవ్వ క్లినిక్‌కు వచ్చింది. మెట్ల మీద ఎక్కడా ఆగలేదు. వెనకే సోమలింగం, ఆమె సంచి పట్టుకుని.

“ఇప్పుడెలా ఉందమ్మా?” అంది ఇందుజ.

“మంచిగున్న మేడం. మా ఇల్లు గూడ రెండో అంతస్తే” అంది నర్సవ్వ, కొంచెం సిగ్గుపడుతూ. “ఇన్నేండ్ల సంది మెట్లే ఎత్తుగ కట్టిన్రనుకున్న.”