మా ట్రాక్ మీద ఒకే ఒక సైకిల్

మా గౌలిపురకు సైకిల్ ట్రాక్ వచ్చిన నాటి నుంచి నా బతుకు బాగుపడింది. నాకు సైకిల్ లేదు. బాగుపడటానికి అసలు కారణం అదే!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. పాతబస్తీ అంతటా సైకిల్ ట్రాకులు వేయాలని, వాటికీ రోడ్డుకూ మధ్య గట్టు కట్టాలని, ట్రాక్ ఎక్కే ప్రతిచోటా ఇనుప గుంజలు పాతాలని పెద్దలు ప్లాన్ వేశారు. గుంజల మధ్య సందులోంచి ఒక్క సైకిల్ మాత్రమే దూరాలి. ఆటో దూరకూడదు, స్కూటర్ దూరకూడదు. ఇంత జాగ్రత్తగా కాపాడే స్థలం ఈ ఊళ్ళో ఇంకెక్కడుంది? మా ఇంటి గేటుకే దిక్కులేదు!

ఈ ప్లాన్‌కు మేమంతా ఒప్పుకున్నవాళ్ళమే. అనురాగ్ అని ఒక కన్సల్టెంట్ వచ్చి ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టాడు. తెర మీద ఏదో దేశం బొమ్మ చూపించాడు. అందులో జనం సైకిళ్ళ మీద నవ్వుతూ పోతున్నారు. సైకిల్ ముందు ఒక బుట్ట, బుట్టలో పూలగుత్తి, అంతే సామాను! మేం ఏసీ కింద సమోసాలు తింటూ సరేనని చేతులెత్తాం. ఎత్తినవాళ్ళలో సైకిల్ తొక్కేవాడు ఒక్కడూ లేడు. మా బస్తీలో రోజూ సైకిల్ తొక్కేది పాల అంజన్న. అతను రాలేదు. మీటింగ్ పెట్టింది బర్రెలు పితికే వేళ మరి! ఏసీ హాలని చెబితే బర్రె ఆగుతుందా?

ఇక ట్రాక్ వల్ల కలిగిన మేళ్ళు వినండి. మోకాళ్ళ నొప్పులతో మేడెక్కలేక మానేసిన వడియాలు మా ఆవిడ విమలాదేవి మళ్ళీ మొదలుపెట్టింది. నున్నటి నేల, నిండా ఎండ, పైగా బండి ఏదీ రాదన్న గ్యారంటీ! ఎదురుగా కిరాణా కొట్టు నడిపే వైకుంఠం సేట్ ట్రాక్‌లో కుర్చీలు వేయించి, పేపర్ చదివేవాళ్ళకు ఒక క్లబ్బే పెట్టేశాడు. మేకలు ఎంత నిశ్చింతగా నెమరేస్తున్నాయో! వినాయక విగ్రహాలు చేసే ధూల్‌పేట్ వైపు వేసిన ముక్కలో అయితే తడి ఆరని గణపతులు వరసగా కూర్చున్నారు. విఘ్నేశ్వరుడే అడ్డం కూర్చున్నాక ఇక తీసేదెవరు?

ఆరోగ్యం కూడా మెరుగైంది. నా టీలు తగ్గాయి. లేవగానే తాగే టీ ఇప్పుడు స్నానం, పూజ, పేపర్, పక్కింటి లొల్లి అన్నీ అయ్యాక వస్తోంది. పాలు ఆలస్యంగా వస్తున్నాయి.

అంజన్న సైకిల్‌కు రెండు పక్కలా రెండు పెద్ద పాలడబ్బాలు వేలాడతాయి. గుంజల సందులో హ్యాండిల్ దూరుతుంది, డబ్బాలు దూరవు. పోనీ రోడ్డు మీద పోదామంటే, ట్రాక్ పోగా మిగిలిన రోడ్డులో ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. డబ్బాలకు సొట్టలు పడ్డాయి. దాంతో పాపం గల్లీలన్నీ చుట్టి వస్తున్నాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని!

జనం ఎంతసేపని ఎదురుచూస్తారు? ఒక్కొక్కరే ప్యాకెట్ పాలకు మారిపోతున్నారు. ఇట్లాగే సాగితే బర్రెల్ని అమ్ముకోక తప్పదని అంజన్న మా అరుగు మీద కూర్చుని చెప్పినప్పుడు నాకు నిజంగానే బాధేసింది. వాళ్ళ తాత కాలం నుంచి మా ఇంట్లో కాగేది వాళ్ళ పాలే.

బాధ్యతగల పౌరుణ్ణి కదా, అతన్ని అనురాగ్ దగ్గరికి తీసుకెళ్ళాను. మనిషి మంచివాడే. చాయ్ తెప్పించాడు, శ్రద్ధగా విన్నాడు. గుంజ దగ్గర డబ్బాలు దించి, సైకిల్‌ను దాటించి, డబ్బాలు మళ్ళీ తగిలించుకోమని సలహా కూడా ఇచ్చాడు. ప్రతి చౌరస్తాలోనూ అంతేనట. అట్లా దించుతూ ఎత్తుతూ వస్తే మా ఇంటికి పాలు కాదు, వెన్న చేరుతుంది! అది కుదరకపోతే డబ్బాలు లేకుండానే ట్రాక్ ఎక్కమన్నాడు.

"డబ్బాలు లేకుంట పోనీకి నాకేం పని సార్? హవా తిననీకి పోవాల్నా?" అన్నాడు అంజన్న.

"డిజైన్ ఫైనల్ అయిపోయింది అంజన్నా. ఒకసారి పాతిన గుంజను ఇంకెవరూ కదపలేరు," అన్నాడు అనురాగ్.

చూశారా, ఎంత గట్టి పనో!

ప్రారంభోత్సవం దగ్గరపడగానే పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. గౌలిపుర అంటే పాడికి పేరు. దానికి గుర్తుగా ట్రాక్ మొదట్లో ఒక శిల్పం ఉండాలి. ఏం శిల్పం? పాల సైకిల్! ఇనుముతో చేసి, పసుపు రంగు పూసి, రెండు పక్కలా డబ్బాలు అతికించి, వాటిలో బంతి మొక్కలు నాటారు. మస్తుగా ఉంది, కాదనను. ప్రారంభోత్సవం నాటి పొద్దున మేకల్ని తోలి, వడియాలు ఎత్తించి, శిల్పాన్ని లారీలో తెచ్చి దించారు. తోసుకుంటూ గుంజల దగ్గరికి తెచ్చారు. డబ్బాలు దూరలేదు!

పైనుంచి ఎత్తుదామంటే కరెంటు తీగలు. డబ్బాలు ఊడదీద్దామంటే వెల్డింగ్. అవతల పెద్దల కార్లు బయల్దేరాయని ఫోన్లు. అనురాగ్ చెమట తుడుచుకుని గ్యాస్ కట్టర్ తెప్పించాడు. వైకుంఠం సేట్ క్లబ్బువాళ్ళ చేతుల్లో చాయ్ చల్లారకముందే, ఎవరూ కదపలేని ఆ గుంజ నేల మీద పడుకుంది.

శిల్పం లోపలికి పోయింది. దాని వెనకే, గంట కొట్టుకుంటూ, నిండు డబ్బాలతో అంజన్న కూడా పోయాడు! అప్పుడే దిగిన పెద్దలు ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఒకాయన దండ కూడా వేశాడు. మా చౌరస్తా దాకా ఉన్న ఇళ్ళన్నింటికీ ఆ పొద్దున పాలు నురగతోనే వచ్చాయి. విమలాదేవి నేను అడక్కుండానే రెండో టీ ఇచ్చింది. దండ మెడలోనే ఉంచుకుని అంజన్న మా అరుగు మీద కూర్చుని నవ్వుతుంటే నాకు ముచ్చటేసింది.

మర్నాడు వెల్డర్ వచ్చి గుంజను మళ్ళీ అతికించి వెళ్ళాడు. ఇప్పుడు మా ట్రాక్‌లో రాత్రనక పగలనక ఒక సైకిల్ ఉంటోంది, డబ్బాలతో సహా. అంజన్న మళ్ళీ గల్లీలు చుడుతున్నాడు.

కాబట్టి అయ్యా, బస్తీ తరఫున మాదొక చిన్న మనవి. గుంజ తీసేయమని మేం అడగం. డిజైన్ ఫైనల్ అని మాకు తెలుసు. కానీ ఆ పసుపు సైకిల్ మీద దుమ్ము బాగా పడుతోంది, చూడలేకపోతున్నాం. దయచేసి దాన్ని రోజూ పొద్దున్నే ఒకసారి బయటికి తీయించి, శుభ్రంగా కడిగించి, మళ్ళీ లోపల పెట్టించండి. కడగటానికి నీళ్ళు మేమిస్తాం. కడిగేవాళ్ళకు టీ కూడా ఇస్తాం. ఆ వేళకు మాకు పాలు వచ్చేసి ఉంటాయి కదా!