బీరుకు ఇరవై, అత్తగారికి పదహారు

మిల్టన్ కీన్స్ తెలుగు కుటుంబాల సమాజం వారు ఈ ఏటి 'ఉత్తమ గృహస్థు' బిరుదును శ్రీ ఆంజనేయప్రసాద్ గారికి ఏకగ్రీవంగా ప్రదానం చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఎంపిక సంఘంలో నేనూ సభ్యుణ్ణే. కాబట్టి ఆ బిరుదు వెనకున్న కృషిని నాలుగు ముక్కల్లో లోకానికి చెప్పడం నా విధి.

ప్రసాద్ గారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మహా పొదుపరి. ఇంట్లో హీటింగ్‌ను పదహారు డిగ్రీలు దాటనివ్వరు. ఎవరైనా చలి అంటే, "స్వెట్టర్ వేసుకోండి, ఇది ఇంగ్లండు" అంటారు. భార్య వరలక్ష్మికి అలవాటైపోయింది. ఎనిమిదేళ్ళ కూతురు సిరి ఇక్కడే పుట్టింది గనక, ఇళ్ళన్నీ ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుంటోంది.

అటువంటి మనిషి రెండు వేల పది శీతాకాలంలో ఇంట్లోనే బీరు చెయ్యడం మొదలుపెట్టారు. పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో మాల్ట్ పాకం, నీళ్ళు, ఈస్టు కలిపి మూత పెడితే రెండు వారాలు పులుస్తుంది. మూత మీది గొట్టంలోంచి బుడుక్ బుడుక్‌మని గాలి బయటికొస్తూ ఉంటుంది. పని సులువే గానీ, ఈస్టు మహా సుకుమారి. చలేస్తే ముడుచుకుని పడుకుంటుంది, ఉక్కపోస్తే బీరు రుచి చెడగొడుతుంది. దానికి నిలకడగా ఇరవై డిగ్రీలుండాలి. అందుచేత ప్రసాద్ గారు మేడమీది చిన్న గదిని బీరుకు కేటాయించారు. కొత్త హీటర్ కొన్నారు. బకెట్‌కు వేడి చూపించే పట్టీ అంటించారు. పొద్దునా సాయంత్రం వెళ్ళి దాని కుశలం కనుక్కునేవారు. ఇల్లాలి కుశలం ఎప్పుడు కనుక్కున్నారన్నది ఇక్కడ అప్రస్తుతం.

సరిగ్గా అప్పుడే అత్తగారు శేషమ్మ గారు సామర్లకోట నుంచి దిగారు.

"ఇదేం చలే అమ్మాయీ! ఎముకలు కొరికేస్తోంది" అన్నారావిడ, ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విప్పగానే.

"ఏవండీ, అమ్మ ఉన్నన్నాళ్ళయినా కాస్త పెంచండి" అంది వరలక్ష్మి.

"అత్తయ్య గారంటే నాకు గౌరవం లేకనా? ఒకరికని పెంచితే రేపు అందరూ అడుగుతారు."

"మరి బీరుకో?"

"అది నోరులేని జీవం, వరం. అత్తయ్య గారికి నోరుంది. చలేస్తే చెప్పగలరు."

"చెప్తూనే ఉందిగా!"

"నేను కాదన్నానా? వింటున్నాను."

వినడంలో ప్రసాద్ గారికి ప్రసాద్ గారే సాటి.

శేషమ్మ గారు నాలుగు రోజులు ఓర్చుకున్నారు. అయిదో రోజు మేడమీద తిరుగుతూ చిన్న గది తలుపు తీశారు. వెచ్చటి గాలి మొహానికి తగలగానే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. చాప పరుచుకుని, రామకోటి పుస్తకం ముందు పెట్టుకుని, బకెట్ పక్కన కూర్చున్నారు.

"అమ్మమ్మా, డాడీ విల్ గో మ్యాడ్!" అంది గుమ్మంలోంచి సిరి.

"వెళ్ళనీవే. వెచ్చగా ఉంది, నువ్వూ రా."

సాయంత్రం పట్టీ ఇరవై రెండు చూపించింది. ప్రసాద్ గారి గుండె ఆగినంత పనైంది. అపరాధ పరిశోధన జరిపి, కారకురాలిని అక్కడికక్కడే కనుగొన్నారు. "మీరు కూర్చోవద్దని అనను అత్తయ్య గారూ, ఊపిరి కొంచెం తక్కువ పీల్చుకుంటే చాలు" అని మర్యాదగానే మనవి చేశారు. తరువాత ఒక్క క్షణం ఆలోచించారు. మహానుభావులు ఆలోచిస్తే ఆ ఫలితం వేరు. ఒక్క మనిషి గదిని రెండు డిగ్రీలు వేడెక్కించగలిగితే, ఈ హీటర్‌కు కరెంటు దండగ ఎందుకు?

తక్షణం హీటర్‌ను బాధ్యతల నుంచి తప్పించి, ఆ స్థానంలో అత్తగారిని నియమించారు. ఉదయం కాఫీ మొదలు రాత్రి భోజనం వరకు ఆవిడ బకెట్‌ను ఆనుకుని కూర్చోవాలి. మనవరాలి కోసం ఆవిడ పాత చీరలతో కుట్టి తెచ్చిన బొంతను బకెట్‌కు చుట్టారు.

"ఆ స్వెట్టర్ తీసెయ్యాలి అత్తయ్య గారూ. ఒంటివేడి లోపలే ఉండిపోతే ఏం లాభం?"

"మొన్నటిదాకా వేసుకోమన్నారుగా బాబూ?"

"అది మీకోసం. ఇది బీరుకోసం."

వరలక్ష్మి పెద్ద గొడవే చేసింది. అయినా శేషమ్మ గారే కూతుర్ని ఆపారు. "పోనీవే, అల్లుడు నోరు తెరిచి అడిగారు. నాలుగు రోజులు కూర్చుంటే అరిగిపోతానా" అన్నారు. అలా అనే ఆడవాళ్ళుండబట్టే మన కుటుంబ వ్యవస్థకు ప్రపంచమంతటా అంత మంచి పేరు.

ఆ వారమే మంచు పడింది. హీటర్ లేని గదిలో శేషమ్మ గారు చలికి వణుకుతూ రామకోటి రాశారు. అక్షరాలు కూడా వణికాయి. ఓ సాయంత్రం పట్టీ ఉన్నట్టుండి ఇరవై మూడుకు ఎగబాకింది.

"వరం! బీరు కాలిపోతోంది, పరుగెత్తుకు రా!" అని అరిచారు ప్రసాద్ గారు.

వరలక్ష్మి వచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి వేసింది. పెనంలా ఉంది. ఆవిడకు జ్వరమొచ్చిన సంగతి బీరు చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

బీరు క్షేమం దృష్ట్యా అత్తగారిని వెంటనే గది నుంచి తరలించాలని ప్రసాద్ గారు ఆదేశించారు. ఆ ఆదేశం పూర్తయ్యేలోపే వరలక్ష్మి తల్లిని పొదివి పట్టుకుని కిందికి తీసుకెళ్ళింది. బొంత లాక్కొచ్చి తల్లికి కప్పింది. హీటింగ్‌ను ఇరవై నాలుగుకు తిప్పి దానికి అడ్డంగా నిలబడింది. "దీని మీద చెయ్యి వేశారో, ఆ బకెట్ తెచ్చి బాత్‌టబ్‌లో ఒంపేస్తాను" అంది. ప్రసాద్ గారు బకెట్ ప్రాణాలను దృష్టిలో పెట్టుకుని రాజీకి వచ్చారు. శేషమ్మ గారు జీపీ డాక్టరు ఇచ్చిన మందులతో వారానికి కోలుకున్నారు. బీరు అంతకన్నా ముందే కోలుకుంది.

కొత్త సంవత్సరం విందులో ఆ బీరే పోశారు. అమృతం! బిరుదు అందుకుని, శాలువా కప్పించుకుని ప్రసాద్ గారు ఇలా ప్రసంగించారు: "మిత్రులారా! ఇందులో రహస్యమేమీ లేదు. ప్రేమ! కన్నతల్లిని చూసుకున్నట్టు చూసుకోవాలి. చలేస్తోందేమో, ఉక్కపోస్తోందేమో, అది అడక్కుండానే మనం కనిపెట్టాలి." హాలు చప్పట్లతో మారుమోగింది. హీటర్ ఖర్చెంతవుతుందని ఎవరో అడిగితే, తన కొత్త పద్ధతిని కూడా దాపరికం లేకుండా వివరించారు.

ఆశీర్వదించమని పెద్దావిడకు మైకు ఇచ్చారు.

"ఇంకో జన్మంటూ ఉంటే అల్లుడు గారింట్లో బీరై పుడతాను బాబూ" అన్నారు శేషమ్మ గారు.

ఒకటే నవ్వులు. ఈ వయసులోనూ ఆంటీది ఎంత చమత్కారమో అని అందరం మెచ్చుకున్నాం. వరలక్ష్మి నవ్వలేదు. ఆమెకు మొదటినుంచీ హాస్యం పాలు తక్కువ.

ఆ విందు తరువాత మా ఊరి తెలుగువారిలో మాతృభక్తి అమాంతం పెరిగిపోయింది. ఎవరిని చూసినా అమ్మకో అత్తగారికో విజిటర్ వీసా పెడుతున్నారు. మన సంస్కృతి ఎక్కడికీ పోలేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? నేనూ బకెట్ కొన్నాను. మా అమ్మ వచ్చే నెల దిగుతోంది. పాపం, ఫోన్‌లో పదే పదే అడుగుతోంది, "అక్కడ చలెక్కువటగా, ఎన్ని స్వెట్టర్లు తెచ్చుకోమంటావురా?" అని.

ఒక్కటీ వద్దని గట్టిగా చెప్పాను.