ఉత్త చేతుల నడక

కుళాయికి నీళ్లు రాకపోవడం ఆడవాళ్ల పాలిట వరం! ముఖ్యంగా యాభైకి దగ్గరపడిన ఆడవాళ్ల పాలిట. తొందరపడి నన్ను తిట్టకండి. ముందు శాస్త్రం వినండి.

మా ఆవిడ నాగవేణికి ముట్లు ఆగిపోయే వయసు వచ్చింది. దీన్నే మెనోపాజ్ అంటారని వాట్సాప్‌లో చదివాను. చలికాలంలో కూడా ఒంట్లో సెగలంటుంది, చెమటలంటుంది, నిద్ర లేదంటుంది, కీళ్లంటుంది. మార్కాపురంలో ఒక డాక్టరమ్మకు చూపించాను. "ఈ వయసులో ఎముకలు గుల్లబారతాయమ్మా. రోజూ అరగంట నడువు. కాస్త బరువులు ఎత్తు. ఆ అరగంట నీది, ఇంకెవరికీ ఇవ్వకు" అని ఆమె చెప్పింది. చివరి మాట నాకు సరిగా అర్థం కాలేదు గానీ మిగతాదంతా నచ్చింది. మందుల ఖర్చు లేదు కదా!

మర్నాడు పొద్దున్నే నాగవేణి చేతులు ఊపుకుంటూ పెద్దారవీడు రోడ్డు వైపు బయలుదేరింది. మా ఊళ్లో ఆడవాళ్లు నడవరని కాదు. చేనుకు నడుస్తారు, గొర్రెల వెంట నడుస్తారు, రేషనుకు నడుస్తారు. ఉత్త చేతులతో నడిచే ఆడమనిషిని మాత్రం ఊరు అంతకుముందు చూడలేదు.

"యాడికి వదినా?" అని పక్కింటి దానమ్మ అడిగింది. "యాడికీ లేదు, ఊరికే నడుస్తుండా" అని మా ఆవిడ నిజం చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. పొద్దెక్కేసరికి నాగవేణి మొగుడితో పోట్లాడి పుట్టింటికి పోయిందని ఊరంతా తెలిసిపోయింది. కంభం నుంచి మా బావమరిది పంచాయితీకి దిగాడు. అతని కోసం కోడిని కోయాల్సి వచ్చింది.

పరువు కోసం మర్నాటి నుంచి ఆమె చంకన ఒక బిందె పెట్టాను. బిందె ఉంటే ఎవరూ ఏమీ అడగరు. కానీ మేకలు తోలుకుని సంతకు పోతున్న చెంచయ్య మామకు ఆ ఖాళీ బిందె ఎదురైంది. "ఏందమ్మా ఇది! ఇంక పోయిన పని అయినట్టే" అంటూ ఆయన మేకలతో సహా వెనక్కి తిరిగాడు. అందుకని పోయేటప్పుడు చేల గట్ల మీద చుట్టూ తిరిగి పొమ్మన్నాను. వచ్చేటప్పుడు ఊరి బయట బోరు దగ్గర నింపుకుని రోడ్డు మీద రమ్మన్నాను.

చూశారా, శాస్త్రం తనంతట తానే ఎలా నెరవేరిందో! పోతూ నడక, వస్తూ బరువులు! పట్నాల్లో దీనికే జిమ్ములని ఫీజులు కడతారట. కుళాయికి నీళ్లే వచ్చి ఉంటే ఈ భాగ్యం దక్కేదా? ఇరుగుపొరుగు కూడా తలా ఒక చెయ్యి వేశారు. "ఎట్లా పోతుండావు కదా, మాకూ ఒక బిందె" అన్నారు. మా అమ్మ స్నానానికి, గేదె కుడితికి, నా మోటారుసైకిలు కడగడానికి కూడా ఆమె ఎముకలు బలపడసాగాయి.

అయినా నాగవేణికి కృతజ్ఞత లేదు. "డాక్టరమ్మ నడవమన్నది, ఊరికంతా నీళ్లు మొయ్యమనలేదయ్యా. నడుం పట్టుకపోయింది. ఆ అరగంటలో నాదంటూ ఏమన్నా ఉందా?" అంది. రెండింట్లోనూ నడిచేది కాళ్లే కదా అని ఓపిగ్గా వివరించాను. ఆమె ఏడ్చింది. ఈ వయసులో మనసు అలాగే ఉంటుందని చదివాను గనుక పట్టించుకోలేదు.

మొన్న పొద్దున ఆమె బిందెను నా ముందు దించి, ఉత్త చేతులతో గడప దాటింది.

"యాడికి?" అన్నాను.

"ఊరికే."

"ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారు?"

"అనుకోనీ."

ఇంట్లో చుక్క నీళ్లు లేవు. నేనే బిందె ఎత్తాను. దారి పొడుగునా ఎంత సానుభూతి! "అయ్యో అన్నా, నీకేం ఖర్మ!" అంటూ దుకాణం బ్రహ్మం పరిగెత్తుకొచ్చి బిందె అందుకున్నాడు. అప్పటికే నా భుజం వాచిపోయింది. సాయంత్రం మగవాళ్లమంతా కూర్చుని లోతుగా చర్చిస్తే ఒక భయంకరమైన నిజం బయటపడింది. మా ఊళ్లో నీటి సమస్య ఉంది!

వెంటనే ధర్నా చేయాలని తీర్మానించాం. ధర్నా అంటే ముందు వరసలో ఆడవాళ్లు కూర్చోవాలి, అప్పుడే ఫొటో బాగా వస్తుంది. తెల్లారి పిలవడానికి పోతే దానమ్మ ఇంట్లో లేదు. చెంచయ్య మామ పెళ్లాం అలివేలమ్మా లేదు. వీధి వీధంతా నాగవేణి వెంట చేతులు ఊపుకుంటూ నడకకు పోయిందట.

ఊరి సమస్యంటే ఈ ఆడవాళ్లకు ఇంత నిర్లక్ష్యమా!