పిలిస్తే వచ్చిన ఎలుక

ఎలుకలు పట్టడం ఆయన వృత్తి. అందుకని అందరూ ఆయనను ఎలుకలాయన అనేవారు. అలాంటి మనిషి ఇంట్లో, సొంత కూతురి గదిలో, దూది అనే తెల్ల ఎలుక ఒకటి దర్జాగా కాపురం ఉంటోంది. పిల్ల రెండు పూటలా అన్నం మానేసి సాధించుకున్న ఎలుక అది. ఈ సంగతి బయటికి పొక్కితే ఇక తనను పనికి ఎవరు పిలుస్తారని ఆయన భయం. ఇంటికి చుట్టాలొస్తే ముందు పంజరం మీద దుప్పటి కప్పేవాడు.

ఆ రోజు పొద్దున్నే ఒక రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్ గారింట్లో పని చూసుకుని, భోజనాల వేళకు ఇల్లు చేరి కాస్త నడుం వాల్చాలని అనుకున్నాడు. చెప్పులు వేసుకుంటుండగా భార్య వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"పంజరంలో దూది లేదండీ. పిల్ల బడి నుంచి వచ్చేలోగా కనపడకపోతే మన పని అయిపోయినట్టే."

మంచం కింద, బీరువా వెనక, బియ్యం డబ్బాల సందున వెతికారు. లేదు. వేళ మించిపోతోందని సంచీ భుజాన వేసుకుని ఆయన బయలుదేరాడు.

అక్కడ హెడ్‌మిస్ట్రెస్ పెద్దావిడ స్టోర్‌రూమ్ తలుపు తీసి, గోడల్లో రాత్రంతా గీకుడు వినిపిస్తోందని, తాను ఒక్క పూట కూడా ఓర్చుకోనని చెప్పింది. ఆవిడ వెనక భర్త చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా నిలబడ్డాడు. ఎలుకలాయన సంచీ నేల మీద పెట్టి, మూలమూలలా వెతికాడు. బొక్క లేదు, ఎలుక పెంట లేదు. కిటికీకి చెట్టుకొమ్మ రాసుకుంటోంది. లేచి చేతులు దులుపుకుని, ఈ ఇంట్లో ఎలుక అన్నదే లేదని, కావాలంటే రాసిస్తానని నిబ్బరంగా చెప్పాడు.

"మరి అదేమిటి?" అంది పెద్దావిడ.

ఆయన తిరిగి చూశాడు. సంచీ పక్కనే ఓ తెల్ల ఎలుక కూర్చుని ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంటోంది.

ఎలుకలాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున సంచీలో దూరిందన్నమాట! ఎలుకలు పట్టేవాడే ఎలుకను మోసుకొచ్చి ఇంట్లో వదిలాడని తెలిస్తే, ఇంకో గుమ్మం ఎక్కగలడా?

"మందు పెట్టండి," అంది ఆవిడ కుర్చీ ఎక్కుతూ.

"వద్దు," అన్నారు ఇద్దరు మగవాళ్ళు ఒక్కసారే.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. భర్త నేల చూపులు చూశాడు. ఎలుకలాయన గొంతు సవరించుకుని, తెల్ల ఎలుకకు మందు పెడితే ఆ వాసన ఏడాదైనా ఇల్లు వదలదని నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు. అయితే కొట్టమని ఆవిడ భర్త చేతికి చీపురు ఇచ్చింది. ఎలుక హాల్లోకి పరుగెత్తింది. ఆయన వెంటపడి వీరావేశంతో కొట్టాడు గానీ, ఒక దెబ్బ ఫ్లవర్‌వాజుకు, ఒకటి గోడగడియారానికి, మూడోది ఎలుకలాయన మోకాలికి తగిలాయి. ఇంత చేతకాని మనిషి దొరకడం తన అదృష్టమని ఎలుకలాయన నొప్పిలోనే దండం పెట్టుకున్నాడు.

పగిలిన చప్పుళ్ళకు కింది వాటాల వాళ్ళు వచ్చి గుమ్మంలో గుమిగూడారు. ఎలుక సోఫా కింద దూరింది. ఇక సిగ్గు విడిచి ఎలుకలాయన నేల మీద బోర్లా పడుకుని, "రా తల్లీ, రా బంగారం, నాన్న దగ్గరికి రా," అని బతిమాలాడు.

"ఎలుకని బతిమాలుతున్నారేమిటి?" అంది పెద్దావిడ.

"ఇది కొత్త పద్ధతండి," అన్నాడు సోఫా కిందనుంచి.

ఎలుక తాపీగా బయటికొచ్చి ఆయన అరచేతిలోకి ఎక్కి కూర్చుంది. గుమ్మంలో వాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆ తర్వాత బడి వదిలే వేళ దాకా ఆయనను కదలనివ్వలేదు. మందూ వద్దు, బోనూ వద్దు, మా ఇంట్లోనూ అలా పిలవండి చాలు అని చుట్టుముట్టారు. ఒకావిడ బొద్దింకలు కూడా మాట వింటాయా అని అడిగింది. అందరికీ రేపు రేపంటూ, ఎలుకను సంచీలో భద్రంగా పెట్టుకుని ఆయన ఇంటికి పరుగెత్తాడు.

గుమ్మంలోనే కూతురు ఎదురైంది, అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది. ఆయన విజయగర్వంతో ఎలుకను తీసి చూపించాడు. పిల్ల దాన్ని చూసింది. తర్వాత తన పుస్తకాల సంచీ జిప్పు తీసి దూదిని బయటికి తీసింది.

"స్నేహితురాళ్ళకి చూపిద్దామని తీసుకెళ్ళా నాన్నా. ఇదెవరు?"

తండ్రి చేతిలో ఒకటి, కూతురి చేతిలో ఒకటి. ఎలుకలాయన అక్కడే మెట్టు మీద కూలబడిపోయాడు. రాసిస్తానన్నాడు! పాతికేళ్ళ అనుభవం పెట్టుకుని, ఎలుక ఉన్న ఇంట్లో నిలబడి ఎలుక లేదన్నాడు. అంతకన్నా ఘోరం, ఎవరి ఎలుకకో తాను నాన్ననని చెప్పుకుని ఎత్తుకొచ్చాడు.

పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. ఇందాకటి చేతకాని పెద్దమనిషి చెప్పుల పెట్టె ఒకటి గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి లోపలికొచ్చాడు.

"అది నాదే బాబూ," అన్నాడు. "ఆవిడకి తెలీకుండా స్టోర్‌రూములో పై అరలో దాచి పెంచుకుంటున్నాను."

ఎలుకలాయన ఎలుకను అందించాడు. పెద్దాయన దాన్ని ముద్దు చేసి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. రేపటి నుంచి ఆవిడ స్టోర్‌రూమ్ కడిగిస్తుందట. ఎలుకల పట్ల ఇంత ప్రేమగా మాట్లాడే మనిషిని తన జన్మలో చూడలేదట. అందుకని, అంటూ పెట్టె మూత తీశాడు. లోపల ఓ తల్లి ఎలుక, దాన్ని అంటిపెట్టుకుని గులాబీ రంగు పిల్లలు.

కూతురు చప్పట్లు కొట్టింది. భార్య ఎలుకలాయన మొహంలోకి చూసి, ఇంకో పంజరం కోసం అటక ఎక్కింది.

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే ఇంట్లో ఎలుకలన్నిటికీ తిండి పెట్టి, ఆ తర్వాత ఊళ్ళో ఎలుకలు పట్టడానికి బయలుదేరుతున్నాడు.