కడ్డీ కింద కాలు

కరీంనగర్ పట్టణానికున్న సమస్త ట్రాఫిక్ బాధలూ వచ్చే సోమవారంతో తీరిపోతాయని గురువారం నాటి విలేకరుల సమావేశంలో లక్ష్మీరాజం గారు ప్రకటించారు. ఆయన ఉత్తర తెలంగాణ సైకిల్ వికాస మండలికి చైర్మన్. ఎమ్మెల్యే టికెట్ అడిగితే పార్టీ ఈ కుర్చీ ఇచ్చింది. అందుకు ఆయన ఇసుమంతైనా బాధపడలేదు, రెండు రోజులు అన్నం మాత్రమే మానేశారు.

"సోమవారం సంది నేను, నా స్టాఫు సైకిల్ మీదనే ఆఫీసుకొస్తం. కార్లు బంద్!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఆయన కారెక్కి ఇంటికి వెళ్లారు. సోమవారం ఇంకా రాలేదు కదా.

మండలికి కార్లకు కొదవ లేదు. సైకిలే ఒక్కటుంది. అదీ మండలిది కాదు, అటెండర్ యెషయాది. అతని బాపు మిషన్ కాంపౌండ్‌లో తోటపని చేసే రోజుల్లో కొన్నది. నల్లరంగు ఎప్పుడో పోయింది. యెషయా పట్టణం బయటి బొమ్మకల్ నుంచి రోజూ దానిమీదే వస్తాడు. అతనిది అవుట్‌సోర్సింగ్ కొలువు. తొమ్మిదింటికల్లా ఆఫీసులోని హాజరు మిషన్‌కు ముఖం చూపించకపోతే ఆ పూట జీతం పోతుంది, మాటిమాటికీ అట్లా జరిగితే కొలువే పోతుంది. కాబట్టి సైకిల్ క్షేమంగా ఉంటేనే యెషయా ఇల్లు క్షేమంగా ఉంటుంది.

శుక్రవారం చైర్మన్ గారి కోసం గేర్ల సైకిల్ వచ్చింది. ఆఫీసు వెనక గేటు మూసి, ఆయన ఈ పక్క ఎక్కి ఆ పక్క పడ్డారు. డ్రైవర్ సాయిచంద్ లేపి దుమ్ము దులిపాడు. ఆయన ఆ పక్క నుంచి ఎక్కి ఈ పక్క పడ్డారు.

"సైకిల్ రాదని కాదు," అన్నారు ఆయాసపడుతూ. "చిన్నగున్నప్పుడు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుడు నేర్చుకున్న. సీటు మీదికి ఎక్కుదామనే యాళ్లకు మా బాపు జీపు కొన్నడు."

గేర్ల సైకిల్ కడ్డీ ఏటవాలుగా ఉంది. దాని కింద నుంచి చైర్మన్ గారి కాలు దూరలేదు. అందరి చూపూ ఒకేసారి గోడకు ఆనించిన యెషయా సైకిల్ మీద పడింది.

"గిదే కరెక్ట్ సార్," అంది పీఆర్వో నవీన. "జనం సైకిల్ లెక్క ఉన్నది. ఎంత అరిగితే ఫొటోల అంత మంచిగొస్తది."

"మరి నేనెట్ల రావాలె సార్?" అన్నాడు యెషయా.

"ఒక్క పూట ముచ్చటే. ఫికర్ చెయ్యకు," అన్నారు చైర్మన్ గారు. ఆయన తరహా అంతే, ఎదుటివాళ్ల ఫికరు ఆయనకెప్పుడూ ఒక్క పూట ముచ్చటే.

సోమవారం పొద్దున సైకిల్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ముందు రెండు కార్లు, వెనక మూడు, వాటి వెనక అంబులెన్సు. కోర్టు చౌరస్తాలో పాల క్యాన్లవాళ్లు, బట్ట నేసే సాంచాల మీదికి పోయే పనివాళ్లు తమ సైకిళ్లతో వస్తే పోలీసులు విజిల్ వేసి ఆపేశారు. సైకిల్ విప్లవం పోతుంటే మధ్యలో సైకిళ్లు అడ్డం రావడం ఏం మర్యాద?

చైర్మన్ గారు కడ్డీ కింద నుంచి కుడికాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు ఒంచి, కిందికీ మీదికీ ఊగుతూ బయలుదేరారు. వెనక క్యారియర్ పట్టుకుని యెషయా ఉరికాడు. ఆ రోజు అతను ఆఫీసుకు వచ్చింది అట్లాగే.

జనం నోళ్లు తెరుచుకుని చూశారు. ఒక విలేకరి ధైర్యం చేశాడు. "సార్, సీటు మీద కూసోలేదేంది?"

చైర్మన్ గారు నవీన వైపు చూశారు. ఆమె మైకు అందుకుంది. "సీటు కండ్ల ముందరున్నా కూసోలే! కుర్చీ మీద ఆశ లేని నాయకుడు ఎట్లుంటడో కడుపు నిండ చూసుకోండ్రి!"

అంతే, జిందాబాద్‌లతో చౌరస్తా దద్దరిల్లింది. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. సిబ్బంది అంతా ఇకపై చైర్మన్ గారి భంగిమలోనే సైకిల్ తొక్కాలి. దానికి 'నిరాడంబర సవారీ' అని పేరు పెట్టారు. సిబ్బంది కార్ల మీద సైకిళ్లు కట్టుకొచ్చి, మూలమలుపులో దింపి, కాళ్లు దూర్చి, గేటు దాకా వచ్చారు. సూపరింటెండెంట్ ఓంప్రకాశ్ గారి పొట్టకూ కడ్డీకీ పొత్తు కుదరలేదు. ఆయన కాలు మాత్రం దూర్చి సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చారు.

తిరిగిచ్చిన సైకిల్ మీద బొమ్మకల్ నుంచి వచ్చిన యెషయా ఒక్కడే సీటు మీద దొరికిపోయాడు.

"చైర్మన్ సారే కూసోలేదు, గా సీటు మీద నువ్వు కూసుంటవా?" అని ఓంప్రకాశ్ గారు మెమో ఇచ్చారు.

"దూరం సార్. గట్ల తొక్కితే నడుం ఇరుగుతది."

"దూరం నీది, గౌరవం ఆఫీసుది."

ఆనాటి నుంచి యెషయా మూలమలుపు దాకా మనిషిలా వచ్చి, అక్కడి నుంచి ఉద్యోగిలా తొక్కాడు. ఆ మాత్రం దానికి కొలువు నిలబడితే చాలనుకున్నాడు. కానీ చరిత్ర అతన్ని వదల్లేదు. విప్లవం మొదలుపెట్టిన సైకిల్‌ను చౌరస్తాలో గద్దె కట్టి నిలబెట్టాలని మండలి తీర్మానించింది. చైర్మన్ గారు సభలో యెషయాకు శాలువా కప్పారు. సైకిల్‌ను గద్దె మీద వెల్డింగ్ చేసే ముందు సీటు ఊడదీశారు. నాయకుడికి అక్కర్లేని సీటు విగ్రహానికి మాత్రం ఎందుకు? దానికి రిబ్బన్ కట్టి యెషయా చేతిలో జ్ఞాపికగా పెట్టారు.

"సార్, నా సైకిల్..." అన్నాడు యెషయా.

"ఇంక నీది కాదు యెషయా, చరిత్రది," అన్నారు చైర్మన్ గారు ఆప్యాయంగా.

శాలువాతో, సీటుతో ఇంటికి చేరిన భర్తను సత్తవ్వ పైకీ కిందికీ చూసింది. "సైకిలేది?"

"గద్దె మీద ఉన్నది."

"రేపు దీని మీద కూసొని పోతవా?"

యెషయా నడక మొదలుపెట్టాడు. ఎంత చీకటితో లేచినా మిషన్ అతని ముఖం కంటే ముందే తొమ్మిది చూసేది. ఓంప్రకాశ్ గారు పిలిచారు. "సైకిల్ మండలిల కొలువు చేస్కుంట నడిచొచ్చుడేంది? ఇజ్జత్ ఉండాలె. ఇంకొక్క తాప లేటైతే మల్ల రాకు."

మర్నాడు దారిలో చైర్మన్ గారి కారు యెషయాను దాటిపోతూ ఆగింది. అద్దం దిగింది. చెమటతో, అరిగిన చెప్పులతో గబగబా నడుస్తున్న యెషయాను ఆయన తలనుంచి కాలిదాకా తనివితీరా చూశారు. ఎక్కమంటారేమోనని యెషయా ఒక అడుగు ముందుకు వేశాడు. అద్దం లేచింది.

ఆ సాయంత్రం విలేకరుల సమావేశం. సైకిల్ కూడా ఒక ఆడంబరమేనని చైర్మన్ గారు గ్రహించారట. సోమవారం నుంచి నడక.

ఆదివారం చర్చి నుంచి వచ్చి యెషయా గడపలో కూర్చున్నాడు. ఇంటి ముందు మండలి కారు ఆగింది. సాయిచంద్ దిగాడు. సైకిల్ గురించేమోనని యెషయా ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, సార్‌కాడ అన్నీ కొత్త బూట్లేనాయె," అన్నాడు సాయిచంద్ తల గోక్కుంటూ. "ఫొటోల జనం చెప్పుల లెక్క ఉండాలెనంటున్నరు. నీయి జర ఇయ్యరాదే."

యెషయా తన కాళ్ల వంక చూసుకున్నాడు. చెప్పులు ఒక్కొక్కటే విడిచాడు. "మరి రేపు నేనెట్ల రావాలె?"

"నడిచే. సర్క్యులర్ వచ్చింది. ఉత్త కాళ్లతోని వస్తే మాత్రం మెమో అట."

సాయిచంద్ చెప్పుల జతను వెనక సీట్లో, చైర్మన్ గారు కూర్చునే చోట, తువ్వాల పరిచి పెట్టాడు. డోరు మెల్లగా వేశాడు.